వించ్‌కు స్టీల్ వైరు తీసి సింథటిక్ తాడు ఎక్కించడం ఎలా?

నల్గొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు థార్, గుర్ఖా, పాత జీపులు నడిపేవాళ్లు ఈ మధ్య పదే పదే అడుగుతున్నది ఒకటే. "అన్నా, వించ్‌కున్న స్టీల్ వైరు తీసేసి సింథటిక్ తాడు వేసుకోవచ్చా? ఇంటి దగ్గరే అయితదా?" వించ్ అంటే ఇరుక్కున్న బండిని తాడుతో లాగడానికి బండి ముందు బిగించే మోటారు యంత్రం. వేసుకోవచ్చు, ఇంటి దగ్గరే అవుతుంది. సామాను చేతిలో ఉంటే ఒక పూట పని. ఆ పూటలో తాడు చుట్టడానికి పట్టేది కొంచెమే. తాడు తగిలే చోట్లన్నీ నున్నగా చేసుకోవడానికే ఎక్కువ టైం పోతుంది. చాలామంది ఆ భాగాన్ని దాటేసి, నాలుగు నెలలకే తాడు తెగితే అమ్మినవాణ్ని తిడతారు.

లాభం ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. 28 మీటర్ల స్టీల్ వైరు పది కిలోల దాకా తూగుతుంది. అంతే పొడవున్న 10 మి.మీ. సింథటిక్ తాడు రెండు కిలోలు కూడా ఉండదు. స్టీల్ వైరు లోడు మీద తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, దీనిలో ఆ జోరు చాలా తక్కువ. చేతులకు తీగ ముళ్లు గుచ్చుకునే బాధ కూడా పోతుంది. బదులుగా మీరు ఇవ్వాల్సింది శ్రద్ధ. రాపిడి, వేడి, ఇసుక, ఎండ ఈ నాలుగూ దీనికి పడవు. మన దగ్గర ఈ నాలుగింటికీ కొదవ లేదు.

ఏ తాడు కొనాలి?

వించ్ తాడు అంటే హెచ్.ఎమ్.పి.ఇ. అనే పోగుతో, పన్నెండు పాయలు అల్లి, లోపల బోలుగా చేసింది. డైనీమా, స్పెక్ట్రా అన్నవి ఆ పోగుకున్న బ్రాండ్ పేర్లు. 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4,300 కిలోలు లాగేదానికి, 10 మి.మీ. మందం, 26 నుంచి 28 మీటర్ల పొడవు సరిపోతుంది. తెగే బలం వించ్ లాగే బలానికి రెట్టింపు దగ్గర్లో ఉండాలి. పొడవు ఎక్కువుంటే మంచిదే కదా అని 35 మీటర్లు తీసుకోకండి, తాడు చుట్టుకునే డ్రమ్ములో పట్టదు. చుట్టడం పూర్తయ్యాక కూడా డ్రమ్ము అంచు తాడుకు పైన కనీసం ఒక సెంటీమీటరు కనిపించాలి.

బోరు మోటారు దించేటప్పుడు కట్టే తాడు వాడొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దు. మన పట్టణాల్లో దొరికే ఆ తాళ్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి లేదా నైలాన్‌వి. 10 మి.మీ. పాలీప్రొపిలీన్ తాడు ఒకటిన్నర టన్నుకు అటూ ఇటూగా తెగిపోతుంది. నైలాన్ బాగా సాగుతుంది, తెగితే అంత జోరుగానూ వెనక్కి వస్తుంది.

కొనేముందు చిన్న పరీక్ష చేయొచ్చు. కవరు లేని ముక్కను నీళ్లలో ముంచి, గాలి బుడగలు పోయేదాకా నలిపి వదలండి. మునిగితే అది పాలిస్టరో, నైలానో. తేలినంత మాత్రాన నిశ్చింత పడొద్దు, పాలీప్రొపిలీన్ కూడా తేలుతుంది. చేత్తో పట్టుకుంటే ఆ తేడా తెలుస్తుంది. అసలు తాడు మైనం పూసినట్టు జారుతూ చల్లగా, మెత్తగా ఉంటుంది. పాలీప్రొపిలీన్ గరుకుగా, బిరుసుగా ఉంటుంది.

కావాల్సినవి

- ఒక కొసకు డ్రమ్ముకు బోల్టుతో బిగించే ఇనుప లగ్గు, రెండో కొసకు థింబుల్, అంటే ఉచ్చు అరగకుండా లోపల వేసే లోహపు తొడుగు, ఉన్న సింథటిక్ తాడు. డ్రమ్ము వైపు వేడి తట్టుకునే తొడుగు ఉంటే మరీ మంచిది
- అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్, అంటే తాడు వించ్ నుంచి బయటికి వచ్చే చోట బిగించే, రోలర్లు లేకుండా గుండ్రటి అంచులున్న పలక. పెద్ద వించ్‌లకు బోల్టుల మధ్య దూరం సాధారణంగా 254 మి.మీ. ఉంటుంది. కొనేముందు మీదాన్ని టేపుతో కొలవండి
- పానాల సెట్టు, అలెన్ కీలు, సన్న ఆకురాయి, 120, 240 నంబర్ల ఎమ్రీ పేపరు
- థిన్నర్, పాత గుడ్డలు, లోక్‌టైట్ (బోల్టు వదులు కాకుండా వేసే జిగురు), ఎర్ర దారం, సుద్దముక్క
- తోలు గ్లౌజులు, చెట్టుకు చుట్టే వెడల్పాటి పట్టీ, 4.75 టన్నుల బో షాకిల్, అంటే అడ్డం పిన్ను ఉన్న ఇనుప కొండీ
- బండి తోలడం వచ్చిన మనిషి ఒకరు తోడు

పని మొదలు

1. బండిని సమతలంగా ఉన్న చోట పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. గ్లౌజులు వేసుకోండి. వించ్ క్లచ్ లివరును ఫ్రీకి తిప్పి, స్టీల్ వైరునంతా చేత్తోనే బయటికి లాగండి. కొస బోల్టు విప్పేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీసి ఉండాలి. ఎవరి చెయ్యో రిమోట్ మీద పడితే డ్రమ్ములో వేళ్లు నలుగుతాయి.

బంపరు లోపల దాగేలా వించ్ పెట్టించుకున్నవాళ్లు ముందే బంపరు విప్పుకోవడం నయం. 2017 డిసెంబరులో బుల్‌బార్‌ల (బండి ముందు బిగించే ఇనుప గార్డుల) మీద చర్య తీసుకోమని కేంద్రం రాష్ట్రాలకు రాసిన దగ్గర్నుంచి చాలామంది అలాగే పెట్టించుకుంటున్నారు. సందులోంచి చెయ్యి దూర్చి చేసే పని సగమే అవుతుంది.

2. ఇప్పుడు డ్రమ్ము. అసలు పని ఇదే. స్టీల్ వైరు ఏళ్ల తరబడి ఒరుసుకుని డ్రమ్ము మీద సన్న గాట్లు, అంచుల్లో బ్లేడులాంటి పొరలు లేపి ఉంటుంది. కంటికి కనబడవు. పాత నైలాన్ సాక్సు ఒకటి చేతికి తొడుక్కుని డ్రమ్మంతా, రెండు పక్కల పలకల లోపలి వైపు కూడా మెల్లగా నిమరండి. దారం పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. పెద్ద గాట్లను ఆకురాయితో, తర్వాత 120, ఆపైన 240 ఎమ్రీతో సాపు చేయండి. మళ్లీ సాక్సుతో నిమరండి. ఎక్కడా తట్టుకోనిదాకా ఇదే పని. ఇనుప పొడి మోటారు వైపు పోకుండా గుడ్డ అడ్డం పెట్టండి, చివర్లో థిన్నర్‌తో తుడవండి. గ్రీజు జిడ్డు అసలు మిగలకూడదు. ఈ తాడే నున్నగా జారే రకం, కింద జిడ్డు కూడా తోడైతే మొదటి చుట్లు పట్టవు.

డ్రమ్ముకు పెయింటు వేయొచ్చా అంటే, ఆరడానికి రెండు రోజులు ఆగగలిగితే పలుచగా ఒక పూత వేయండి. ఆగలేకపోతే ఉత్త ఇనుమే మేలు.

3. పాత రోలర్ ఫెయిర్‌లీడ్ తీసి హాస్ ఫెయిర్‌లీడ్ బిగించండి. స్టీల్ వైరు తిరిగిన రోలర్లనే ఉంచేస్తాం, డబ్బు మిగులుతుంది కదా అనుకోకండి. వాటి మీది గాట్లు ఆకురాయిలాగే పనిచేస్తాయి. రోలర్లు కొత్తవైనా, నిలువు రోలరూ అడ్డ రోలరూ కలిసే మూలలో తాడు ఇరుక్కునే ప్రమాదం ఉంది.

బిగించాక తాడు కొసను ఫెయిర్‌లీడ్‌లోంచి బయటికి తీసి, ఎడమకు, కుడికి, కిందికి ఏటవాలుగా పట్టి చూడండి. తాడు ఫెయిర్‌లీడ్ గుండ్రటి అంచును తప్ప ఇంక దేన్నీ తాకకూడదు. వెల్డింగ్ షాపులో గ్యాస్‌తో కోసి చేసిన బంపర్లలో తంటా ఇక్కడే వస్తుంది. కోసిన అంచు రంపంలా ఉంటుంది, పైన నల్ల పెయింటు కొట్టి ఉంటారు కాబట్టి కనబడదు. నంబర్ ప్లేటు స్క్రూలు కూడా చూడండి.

4. తాడు కొసను డ్రమ్ముకు బిగించండి. ముందు తాడు ఏ వైపు నుంచి చుట్టుకోవాలో చూసుకోవాలి. ఎక్కువ వించ్‌లలో తాడు డ్రమ్ము అడుగు నుంచి బయటికి వస్తుంది. వించ్ మీద బాణం గుర్తు గానీ, మాన్యువల్లో బొమ్మ గానీ ఉంటుంది. దాన్నే నమ్మండి. పైనుంచి చుడితే చాలా వించ్‌లలో బ్రేకు లోడును ఆపదు. ఏటవాలులో బటన్ వదిలేశాక బండి వెనక్కి జారితే గానీ ఈ తప్పు బయటపడదు.

లగ్గు బోల్టుకు లోక్‌టైట్ ఒక చుక్క వేసి, చెయ్యి బలానికి మించి బిగించకండి. బోల్టు తల చదునుగా ఉండాలి, పొడుచుకు వస్తే పై పొరల్ని కొరుకుతుంది. పొడవైన బోల్టు వేస్తే డ్రమ్ము లోపల ఉండే బ్రేకు భాగాలకు తగులుతుంది. పాత బోల్టు పొడవును కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీ డ్రమ్ములో వైరును నొక్కి పట్టే గ్రబ్ స్క్రూ మాత్రమే ఉంటే, దాని మొన పోగుల్ని కోసేస్తుంది. లగ్గు పట్టేలా లేత్ షాపులో మర వేయించుకోండి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. లోడును మోసేది ఆ చిన్న బోల్టు కాదు, డ్రమ్ము మీద మిగిలి ఉండే చుట్ల పట్టు. స్టీల్ వైరుకు ఐదు చుట్లు చాలు. సింథటిక్ తాడు జారుతుంది కాబట్టి పది చుట్లు డ్రమ్ము మీద ఎప్పుడూ మిగలాలి. 63 మి.మీ. డ్రమ్ము మీద 10 మి.మీ. తాడు ఒక చుట్టుకు సుమారు 23 సెంటీమీటర్లు పడుతుంది. అంటే 2.3 మీటర్ల తాడు మీది కాదు, వించ్‌ది.

5. మొదటి పది చుట్లు చేత్తో గట్టిగా లాగి పట్టుకుంటూ, పక్కపక్కనే ఒరుసుకునేలా వేయండి. ఇక్కడ బ్యాటరీ కలపాలి. తోడున్న మనిషి రిమోట్ బటన్ నొక్కి వదులుతుంటాడు, మీరు ఫెయిర్‌లీడ్‌కు రెండు మీటర్ల దూరంలో తాడు పట్టుకుంటారు. చెయ్యి దగ్గరికి రాగానే ఆపమని చెప్పి, పట్టు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టండి. చేతి చుట్టూ తాడు మెలేయకండి. పదో చుట్టు పూర్తయ్యే చోట ఎర్ర దారం బిగించి చుట్టి ముడేయండి. రేపు బురదలో, టెన్షన్‌లో చుట్లు ఎవరూ లెక్కపెట్టరు. ఎర్ర దారం కనబడితే ఆపాలి, అంతే.

మిగతాదంతా ప్రస్తుతానికి వదులుగానే చుట్టేసుకోండి.

6. లోడు మీద మళ్లీ చుట్టడం. "చుట్టేశాం కదా, ఇంకెందుకు" అని వదిలేసేది దీన్నే. వదులుగా చుట్టిన తాడు మీద నిజమైన లోడు పడితే పై పొర కింది చుట్ల మధ్యకు దిగబడి ఇరుక్కుపోతుంది. అప్పుడు ముందుకూ రాదు, వెనక్కీ పోదు.

దీనికి కాస్త ఏటవాలు నేల కావాలి. పదడుగులకు ఒక అడుగు లేచే చోటు చాలు. చెరువు కట్ట మీదికెక్కే మట్టి దారి గానీ, గుట్ట కింద చెలకలో ఎత్తుకెళ్లే బాట గానీ దొరుకుతుంది. రెండు టన్నుల బండిని అలాంటి చోట పైకి లాగాలంటే ఏటవాలు వల్ల 200 కిలోలు, చక్రాల రాపిడితో ఇంకో 40 కిలోల దాకా లోడు పడుతుంది. మనకు కావాల్సింది దాదాపు అంతే. సమతలంగా ఉన్న సిమెంటు రోడ్డు మీద ఆ 40 కిలోలే పడతాయి, చాలదు. ఏటవాలు దొరకకపోతే డ్రైవరు బ్రేకును కొద్దిగా తొక్కిపట్టి ఉంచితే ఆ లోడు వస్తుంది.

పైన ఒక ముదురు వేప గానీ చింత గానీ చూసుకుని, మొదలు దగ్గర కిందికి పట్టీ చుట్టి, షాకిల్‌తో తాడు తగిలించండి. పట్టీ లేకుండా తాడునే చెట్టుకు చుట్టి కొక్కెం దాని మీదే వేస్తే చెట్టు బెరడూ పోతుంది, తాడూ పోతుంది. ఎవరి పొలమో వాళ్లను అడిగి చేయండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు పరిధిలో ఇలాంటివి పెట్టుకోకండి.

క్లచ్ లివరు ఫ్రీలో పెట్టి ఎర్ర దారం కనబడేదాకా తాడు లాగండి. లివరును పూర్తిగా ఎంగేజ్ చేయండి, సగంలో ఉంటే లోడు పడగానే జారుతుంది. ఇంజను నడుస్తుండాలి, ఎందుకంటే వించ్ పూర్తి లోడులో 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. గేరు న్యూట్రల్. తాడు మధ్యలో బరువైన గోనెసంచో, దుప్పటో వేయండి. తాడు తెగితే పెద్దగా కొట్టదు గానీ షాకిల్ ఎగిరితే తుపాకీ గుండే. చూడ్డానికి వచ్చిన పిల్లల్ని దూరంగా పంపండి.

నెమ్మదిగా లాగించండి. రెండు మూడు మీటర్లకొకసారి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాకే దగ్గరికెళ్లి చుట్లు చూడండి. ఒక అంచున గుట్టగా పోగవుతుంటే, తాడు కొద్దిగా వదిలి, బండి ముఖాన్ని కాస్త అటు ఇటు తిప్పి లాగితే చుట్లు రెండో వైపుకు పరుచుకుంటాయి. లోడు మీదున్న తాడును చేత్తో, కాలితో సర్దాలని చూడకండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

బొటనవేలితో పై పొరను పక్కకు నొక్కండి. చుట్టు కదలకూడదు. కదిలితే ఆరో మెట్టు మళ్లీ చేయాల్సిందే.

బ్రేకు పరీక్ష: అదే ఏటవాలులో బండి తాడు మీద వేలాడుతుండగా బటన్ వదిలి, ఫెయిర్‌లీడ్ దగ్గర తాడు మీద సుద్దతో గీత పెట్టించండి. డ్రైవరు కాలు బ్రేకు పక్కనే ఉండాలి. ఐదు నిమిషాల తర్వాత గీత అక్కడే ఉండాలి. జరిగితే తాడు చుట్టిన దిక్కు తప్పయినా అయి ఉంటుంది, బ్రేకు అరిగైనా ఉంటుంది.

ఆ తర్వాత ఫెయిర్‌లీడ్ లోపల వేలు పెట్టి చూడండి. బూడిద రంగు పొడి కొద్దిగా అంటితే పర్వాలేదు. గాటు తగిలితే 240 ఎమ్రీతో రుద్దండి. తాడు మీద సన్నగా నూగు లేవడం మామూలే, అది చూసి కంగారు పడకండి. గట్టిగా, అద్దంలా మెరిసే మచ్చ కనిపిస్తే మాత్రం అక్కడ పోగు కరిగిందని అర్థం.

ఎక్కువగా జరిగే తప్పులు

వేడి గురించి చాలామందికి తెలియదు. ఈ పోగు 150 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ, 70 డిగ్రీలు దాటితే చాలు, బలం తగ్గుతుంది. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. తాడు బయటికి తీయడానికి మోటారు వాడితే, అందులోనూ లోడు మీద దించితే, ఆ బ్రేకు కాలి డ్రమ్మంతా వేడెక్కుతుంది. కింది పొర మీకు కనబడకుండానే మాడుతుంది. తాడు తీసేటప్పుడు ఎప్పుడూ ఫ్రీలో పెట్టి చేత్తోనే లాగండి. మే నెల మధ్యాహ్నం మన దగ్గర నల్ల బంపరు మీద చెయ్యి కూడా పెట్టలేం, వించ్ ఆ వేడితోనే మొదలవుతుంది. ఎండాకాలంలో లాగుడు లాగుడుకూ మధ్య ఎక్కువసేపు ఆపండి.

రెండోది ముడి. తెగిన తాడుకు ముడేస్తే సగం బలం పోతుంది, పైగా ఈ తాడు జారుడుకు ముడి ఊడిపోతుంది కూడా. దీనికి స్ప్లైస్ వేయాలి, అంటే తాడును తాడు లోపలికే దూర్చి కలపాలి, కష్టం కాదు. తెగిన చోట శుభ్రంగా కోసి, తాడును రెండు చేతులతో ఎదురెదురుగా నొక్కండి. అల్లిక వదులై బోలుగా తెరుచుకుంటుంది. ఒక ముక్క కొసను సన్నని బైండింగ్ వైరుకు కట్టి రెండో ముక్క బోలులోకి, అలాగే రెండో ముక్క కొసను మొదటిదాని బోలులోకి దూర్చి, 10 మి.మీ. తాడుకు ఒక్కో కొసను కనీసం 72 సెంటీమీటర్లు లోపలికి పంపండి. పంపేముందు కొసలో పాయల్ని ఒక్కొక్కటిగా దూరం దూరంగా కోసి సన్నం చేయాలి, లేకపోతే లోపలి కొస ముగిసే చోట తాడు తెగుతుంది. చివర్లో సూదీ దారంతో అడ్డంగా నాలుగు కుట్లు వేయండి. లాగేకొద్దీ పైతాడు లోతాడును బిగించి పట్టుకుంటుంది.

మూడోది, ఇరుక్కున్న తాడును ఇంకా జోరుగా లాగడం. పై పొర లోపలికి దిగబడితే కొసను చెట్టుకు చుట్టిన పట్టీకి తగిలించి, వించ్‌ను బయటికి తిప్పుతూ బండిని మెల్లగా రివర్స్ చేయండి. ఊడి వస్తుంది. తర్వాత మొత్తం విప్పి లోడు మీద మళ్లీ చుట్టుకోవాలి.

తర్వాత చూసుకోవాల్సింది

రేగడి బురద తాడుకు పెద్ద హాని చేయదు, ఆరితే రాలిపోతుంది. చెలక మట్టిలో, మూసీ, డిండి వాగుల ఇసుకలో ఉండే పలుగు రవ్వలు మాత్రం అల్లిక లోపలికి చేరి, లోడు పడ్డప్పుడల్లా పోగుల్ని లోపలి నుంచి కోస్తాయి. ఇసుకలో వాడిన ప్రతిసారీ తాడంతా విప్పి, బకెట్ నీళ్లలో కొద్దిగా సర్ఫ్ వేసి, అల్లికను నొక్కి వదులుతూ కడగండి. ప్రెషర్ వాటర్ దగ్గరగా పెట్టి కొడితే రవ్వలు ఇంకా లోపలికి పోతాయి. నీడలో ఆరబెట్టి, లోడు మీద చుట్టుకోండి. వాడనప్పుడు వించ్‌కు రెగ్జిన్ కవరు కప్పి ఉంచండి.

ఏడాదికొకసారి ఎర్ర దారం దాకా తీసి వేళ్ల మధ్య జార్చుకుంటూ చూడండి. ఒక పాయ పూర్తిగా తెగినా, ఏ చోటైనా పాయలు నాలుగో వంతు అరిగినా, కరిగిన మచ్చ ఉన్నా ఆ ముక్క కోసేసి స్ప్లైస్ వేయండి. రెండు మూడు చోట్ల అలా ఉంటే తాడు మార్చేయండి. తీసేసిన తాడును బండ్లు లాగడానికి ఎవరికీ ఇవ్వకండి, గడ్డి మోపులు కట్టుకోవడానికి బాగా పనికొస్తుంది.